మలుపులో మనిషి బరువు

మోటారు సైకిలు మలుపు తిరుగునపుడు లోపలికి వాలనిచో వెలుపలికి పడిపోవును. 20 మీటర్ల వ్యాసార్ధము గల మలుపును గంటకు 36 కిలోమీటర్ల వేగమున తిరుగుటకు, బండియు మనిషియు కలిసిన గరిమనాభి సుమారు 27 డిగ్రీలు లోపలికి ఒరిగి యుండవలెను. ఈ లెక్క ఇద్దరికిని ఉమ్మడిది. మనిషి అధికముగా ఒరిగినచో బండి తక్కువ వాలినను చాలును. 1970 దశాబ్దపు తొలినాళ్ళలో ఫిన్లండు దేశస్థుడు యార్నో సారినెన్ పందెములలో దేహమును లోపలికి వ్రేలాడదీసి తిరిగెను. 1978లో ప్రపంచ విజేతయైన అమెరికను కెన్నీ రాబర్ట్స్ వలన ఆ పద్ధతి ప్రసిద్ధమయ్యెను.

రోడ్డుపై మనకంత విన్యాసము వలదు. కాని తండ్రి వెనుక కూర్చున్న పిల్లవాడు భయముచే వెలుపలికి ఒరిగినచో (మనలో పలువురు చేయు పని యిదే!) ఆ లోటు పూడ్చుటకు బండి మరింత వాలవలసి వచ్చును. వెనుకనున్నవాడు నడుపువాని భుజము మీదుగా మలుపు లోపలి దిక్కునకు చూచుచు, అతనితోపాటే ఒరుగవలెను.