ఒక తరగతిలో ఎన్ని భాషలు?

ప్రతి సంవత్సరం ఏప్రిల్ 23వ తేదీని ఐక్యరాజ్యసమితి ఇంగ్లీషు భాషా దినంగా జరుపుతున్నది. షేక్స్పియర్ 1616లో మరణించిన తేదీ అది. సమితి 2010లో తన ఆరు అధికార భాషలకు తలా ఒక దినాన్ని కేటాయించినప్పుడు ఇంగ్లీషుకు ఈ తేదీ వచ్చినది. అంతకుముందే, 1999లో, యునెస్కో సంస్థ ఫిబ్రవరి 21ని అంతర్జాతీయ మాతృభాషా దినంగా ప్రకటించినది. 1952లో ఆనాడే ఢాకా నగరంలో బెంగాలీ భాషకోసం విద్యార్థులు ప్రాణాలు అర్పించారు. ఈ రెండు పండుగలనూ విడివిడిగా జరపటం కంటె ఒక్కచోట చేర్చి చూస్తే, తరగతిగదే ఒక చిన్న ప్రయోగశాల అవుతుంది.

హైదరాబాదుకు తూర్పున ఉన్న ఉప్పల్, నాచారం ప్రాంతాలు ఇందుకు ఎంతో అనువైనవి. ఈ రెండుచోట్లా పారిశ్రామిక వాడలు ఉన్నవి. పనికోసం అనేక రాష్ట్రాలనుండి వచ్చిన కుటుంబాలు ఇక్కడ స్థిరపడినవి. తెలుగు, ఉర్దూ, హిందీ, లంబాడీ, మరాఠీ, ఒరియా, బెంగాలీ, తమిళం, కన్నడం మాట్లాడే ఇళ్ళ పిల్లలు ఒకే బల్లమీద కూర్చోవటం ఇక్కడ వింతకాదు. ఉప్పల్ నుండి సికింద్రాబాదు వెళ్ళే దారిలో, తార్నాక దగ్గర, ఇంగ్లీషు బోధనకే వెలసిన ఒక ఉన్నత విద్యాసంస్థ కూడా ఉన్నది. 1958లో కేంద్ర ఆంగ్ల సంస్థగా ప్రారంభమై, 1972లో విదేశీ భాషలనుకూడా తన పేరులో చేర్చుకొని, 2007లో అది కేంద్ర విశ్వవిద్యాలయమైనది.

అయితే ఇన్ని భాషల పిల్లలు బడిలో అడుగుపెట్టగానే ఇంటి మాటను దాచుకుంటారు. తండాలో అవ్వతో మాట్లాడే భాషకు లిపి లేదనీ, అది వట్టి యాస అనీ తోటి పిల్లలు నవ్వితే, ఆ పిల్లవాడు మళ్ళీ ఆ మాట ఎత్తడు. ఇంగ్లీషు నేర్పటానికి ఇంటిభాషను నోరు మూయించటం అవసరమా? భాషాశాస్త్రం అవసరం లేదనే చెప్తుంది. పైగా ఇంగ్లీషు స్వరూపం స్పష్టంగా తెలియవలెనన్నా దానిని మిగిలిన భాషల సరసన నిలిపి చూడవలసిందే.

అంకెల పరీక్ష

నల్లబల్లమీద నిలువు గళ్ళు గీసి, ఒక్కొక్క విద్యార్థిచేత తన ఇంటిభాషలో రెండు, మూడు, నాలుగు అనే అంకెలను చెప్పించి వ్రాయవలెను. తెలుగు గడిలో రెండు, మూడు, నాలుగు. కన్నడంలో ఎరడు, మూరు, నాల్కు. ఆదిలాబాదు గోండులు మాట్లాడే గోండిలో రండ్, ముండ్, నాలుంగ్. హిందీ, ఉర్దూలలో దో, తీన్, చార్. మరాఠీలో దోన్, తీన్, చార్. లంబాడీలోనూ మూడును తీన్ అనీ, నాలుగును చార్ అనీ అంటారు. ఈ పట్టికను చూడగానే భాషలు రెండు గుంపులుగా విడిపోతవి. మొదటిది ద్రావిడ కుటుంబం. రెండవది ఇండో యూరోపియన్ కుటుంబం.

ఇంగ్లీషు ఏ గుంపులోనిది? దాని అంకెలు టూ, త్రీ, టెన్. సంస్కృతంలో ద్వి, త్రి, దశ. లాటిన్ భాషలో దువో, త్రేస్, దెకెమ్. ఇంగ్లీషు చేరవలసినది రెండవ గుంపులోనే. సంస్కృత, గ్రీకు, లాటిన్ భాషలు ఒకే మూలంనుండి పుట్టి ఉండవలెనని సర్ విలియం జోన్స్ 1786లో కలకత్తాలో ప్రతిపాదించాడు. కనుక లిపి లేదని చిన్నచూపు చూడబడే లంబాడీ భాష ఇంగ్లీషుకు దూరపు చుట్టమే.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. తెలుగులో త్రిభుజం, దశాబ్దం అనే మాటలున్నవి కదా, తెలుగుకూడా ఆ కుటుంబంలోనిదేనా అని ఎవరైనా అడుగవచ్చును. అవి సంస్కృతంనుండి అరువు తెచ్చుకొన్న మాటలు. చుట్టరికం తేల్చవలసింది అంకెలు, అవయవాలు, నిత్యకృత్యాలవంటి మూలపదాలతో. తెలుగు ధాతువులు సంస్కృతంనుండి వచ్చినవి కావని, తమిళ కన్నడాలతో తెలుగుకు పుట్టుకతోనే సంబంధమున్నదని ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ 1816లో, కాంబెల్ రచించిన తెలుగు వ్యాకరణానికి వ్రాసిన పీఠికలో నిరూపించాడు.

ధ్వనులు మారే పద్ధతి

చుట్టాలైన భాషలలో ధ్వనులు ఇష్టం వచ్చినట్లు మారవు; ఒక క్రమంలో మారుతవి. తెలుగులో పాలు, కన్నడంలో హాలు. పులి, హులి. పాము, హావు. పాత కన్నడంలో ఈ మాటలన్నీ పకారంతోనే ఉండేవి. పకారం పలకటానికి పెదవులు పూర్తిగా మూసుకోవలెను. ఆ మూత సడలితే గాలి మాత్రమే మిగిలి హకారం వినిపిస్తుంది.

ఇటువంటి మార్పే ఇంగ్లీషు పూర్వభాషలోనూ జరిగినది. సంస్కృతంలోని పితృ, పాద శబ్దాలకు ఇంగ్లీషులో సరిపోలేవి ఫాదర్, ఫుట్. అక్కడ మూల పకారం పెదవి, పంటి నడుమ ఒరుసుకుపోయే ఫకారమైనది. మూల దకారం టకారమైనది. ద్వి, దశలకు ఎదురుగా టూ, టెన్ నిలిచినది అందువల్లనే. ఈ సూత్రాలను 1822లో వివరించిన జేకబ్ గ్రిమ్, తన తమ్మునితో కలిసి పిల్లలందరికీ తెలిసిన జర్మన్ జానపద కథలను సేకరించినవాడే.

ఎవరి చెవి గొప్పది?

త్రీ అన్న మాటలోని మొదటి ధ్వని తెలుగు తకారమూ కాదు, థకారమూ కాదు. నాలుక కొసను పళ్ళ నడుమ తేలికగా ఆనించి గాలి వదిలితే వచ్చే ధ్వని అది. తెలుగు పిల్లలకు అది కష్టం. అట్లాగే త, ట ల భేదం ఇంగ్లీషువారికి కష్టం. 1984లో జానెట్ వర్కర్, రిచర్డ్ టీస్ అనే శాస్త్రజ్ఞులు కెనడాలో ఇంగ్లీషు ఇళ్ళ శిశువులకు హిందీలోని ఈ రెండు ధ్వనులను వినిపించారు. ఆరు, ఎనిమిది నెలల మధ్య శిశువులలో చాలామంది భేదం గుర్తించారు. పది, పన్నెండు నెలల వయస్సు వచ్చేసరికి గుర్తించగలిగినవారు బహు కొద్దిమంది. అంటే ఇంటిలో వినిపించే భాషకు అనుగుణంగా చెవి మొదటి ఏడాదిలోనే పదునెక్కుతుంది. ఉచ్చారణ తడబడటం తెలివితక్కువతనం కాదు. కొత్త ధ్వనికి చెవిని, నాలుకను మళ్ళీ అలవాటు చేయవలసి ఉన్నదని మాత్రమే దాని అర్థం.

దీనికి ఒక తేలిక ప్రయోగం ఉన్నది. పలుచని కాగితపు ముక్కను పెదవుల ఎదుట వ్రేలాడదీసి ముందు "పాలు" అనవలెను. తర్వాత "ఫలం" అన్న మాటను సంస్కృతంలోవలె, పెదవులు మూసి తెరిచి, ఒత్తి పలకవలెను. మొదటిసారి కాగితం కదలీ కదలనట్లు ఉంటుంది, రెండవసారి ఎగురుతుంది. ఇంగ్లీషువారు పెన్ అన్నప్పుడుకూడా కాగితం ఎగురుతుంది. తెలుగువారు పెన్ను అంటే ఎగురదు. పైగా చివర ఉకారం చేర్చి ఆ మాటను సొంతం చేసుకొన్నారు.

అరువు లేని భాష లేదు

ఇంగ్లీషుకూడా ఇట్లా పెరిగిందే. స్కై, ఎగ్ వంటి మాటలు స్కాండినేవియానుండి వచ్చినవి. 1066లో నార్మన్లు ఇంగ్లండును జయించిన పిమ్మట జడ్జి, కోర్టు వంటివి ఫ్రెంచినుండి వచ్చినవి. తెలుగు పందికొక్కు ఇంగ్లీషులో బ్యాండికూట్ అయినది. గోల్కొండ అన్న పేరు వజ్రాల ఖ్యాతివల్ల ఇంగ్లీషు నిఘంటువులో అపార సంపదకు పర్యాయమైనది. ఇతర భాషల మాటలకు తలుపు తెరచి ఉంచటం ఇంగ్లీషు బలాలలో ఒకటి. దాని పేరిట జరిగే పండుగలో ఇతర భాషలకు తలుపు మూయటం అందుకే సబబు కాదు.

నేడు ప్రపంచంలో సుమారు 7,000 భాషలున్నవి. వీటిలో అనేకం పిల్లలకు అందక అంతరిస్తున్నవి. గ్రంథాలు లేకున్నా భాష బ్రతుకుతుంది. పిల్లలు మాట్లాడకపోతే బ్రతకదు. ఈ సంగతి గిడుగు రామమూర్తి పంతులు ఆచరణలో చూపారు. ఆయన కొండలలోని సవరల భాషను నేర్చి, సవర పిల్లలకు వారి భాషలోనే చదువు చెప్పించారు. ఆయన సవర వ్యాకరణం 1931లో, సవర–ఇంగ్లీషు నిఘంటువు 1938లో వెలువడినవి. సవర ద్రావిడ భాష కాదు. ముండా శాఖకు చెందినది. తెలుగువారు ఆగస్టు 29ని తెలుగు భాషా దినంగా జరుపుకొనేది ఆయన జన్మదినాన్నే.

ఉపాధ్యాయులు చేయవలసిన పని పెద్దది కాదు. పాలు, పులి, కన్ను, చేయి, ఒకటి నుండి పది వరకు అంకెలు: ఈ మాటలను ఇంటిలోని పెద్దలను అడిగి వ్రాసుకొని రమ్మని విద్యార్థులకు చెప్పవలెను. గోడమీద ఇంగ్లీషుతోపాటు ప్రతి ఇంటిభాషకూ ఒక గడి ఉండవలెను. లిపి లేని భాషను తెలుగు లిపిలో వ్రాయవచ్చును. పోలికలను, మార్పులను విద్యార్థులే వెదుకవలెను. అవ్వ మాట ఆ పట్టికలో ఒక శాస్త్రీయ ఆధారంగా నిలిచిననాడు, దానిని దాచుకోవలసిన అవసరం ఏ పిల్లవానికీ ఉండదు.