ఆయాసం గుట్టు నెత్తురులో!

కర్నూలు, కడపల్లో ఎండాకాలం 40 డిగ్రీలు దాటిందంటే గుండె బలహీనపడినవాళ్లకి పెద్ద చిక్కే. దాహమని నీళ్లు ఎక్కువ తాగితే కాళ్లు ఉబ్బుతాయి, ఆయాసం. మూత్రం వచ్చే మాత్రకి చెమట తోడైతే రక్తంలో సోడియం, పొటాషియం తారుమారవుతాయి, క్రియాటినిన్ పెరుగుతుంది.

రక్తం ఇంకా లోతైన కబుర్లూ చెబుతుంది. ఆరోగ్యంగా ఉన్న గుండెకి ముఖ్య ఇంధనం కొవ్వు ఆమ్లాలు. నీరసించిన గుండె వాటిని సరిగా వాడుకోలేక కీటోన్లను ఆశ్రయిస్తుంది. రక్తంలో కీటోన్లు, ఊపిరిలో అసిటోన్ కూడా పెరుగుతాయి. గుండె కండరంలో ఫాస్ఫోక్రియాటిన్ నిల్వ తరిగిపోతుంది. ఈ పదార్థాన్ని 1927లో ఫిస్కేతో కలిసి లోకానికి చూపింది మన భీమవరం బిడ్డ యల్లాప్రగడ సుబ్బారావే!

డాక్టర్లు మామూలుగా రాసేది మాత్రం బీఎన్‌పీ పరీక్ష. ఇంట్లో చేసుకోదగ్గదీ ఒకటుంది: రోజూ పొద్దున్నే బరువు చూసుకోవడం. మూడు రోజుల్లో 2 కిలోలకు మించి పెరిగితే అది కండ కాదు, నీరు. వెంటనే డాక్టరుని కలవాలి. ఊరగాయ జాడీని అంతకుముందే దూరం పెట్టాలి.