ఎంబీఏ సీటు కన్నా ముందు ఇంటి లెక్క

ఇంజినీరింగ్ చివరి సంవత్సరం ముగింపుకు వస్తుండగా చాలా ఇళ్లలో ఒక మాట వినిపిస్తుంది: "అబ్బా, నేను ఎంబీఏ చేస్తాను." ఆ మాట వినగానే తండ్రి మనస్సులో మిగిలి ఉన్న ఒక్క ఇంటిస్థలం, పెళ్లీడుకు వచ్చిన కుమార్తె, బ్యాంకు వడ్డీ ఒకేసారి మెదులుతాయి. కళాశాల ఎంపిక పిల్లల పని, డబ్బు పెద్దల పని అని విడదీయడం వల్లనే తరువాత ఇబ్బందులు వస్తున్నాయి. రెండింటినీ ఒకే లెక్కగా చూడాలన్నది మా అభిప్రాయం.

ఎందుకోసం ఈ చదువు?

ఎంబీఏ తరువాత ఏ పని చేయదలచుకున్నారో ముందుగా పిల్లలనే అడగాలి. ఉద్యోగం దొరకలేదన్న నిరాశతో చేరే ఎంబీఏ ఆ నిరాశను రెండేళ్లు వాయిదా వేస్తుందే తప్ప తొలగించదు. స్పష్టమైన జవాబు రాకపోతే రెండు మూడేళ్లు ఉద్యోగం చేయడం మేలు. పని తెలుస్తుంది, కొంత సొమ్మూ కూడుతుంది. హైదరాబాదులోని ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్ ఏడాది కోర్సు ఉద్యోగానుభవం గలవారిని ఉద్దేశించినదే.

పరీక్ష ఒకటే, ఫీజులు వేరు

ఐఐఎంలు నిర్వహించే క్యాట్ పరీక్ష సాధారణంగా నవంబరు చివరలో జరుగుతుంది. 2015లో ప్రారంభమైన విశాఖపట్నం ఐఐఎంకు పనికివచ్చే ఆ స్కోరే హైదరాబాదు విశ్వవిద్యాలయానికీ, ఢిల్లీ విశ్వవిద్యాలయంలోని ఫ్యాకల్టీ ఆఫ్ మేనేజ్‌మెంట్ స్టడీస్‌కూ పనికివస్తుంది. పాత ఐఐఎంలలో రెండేళ్ల ఫీజు 20 లక్షల రూపాయలు దాటింది. విశ్వవిద్యాలయాలలో అది ఎంతో తక్కువ. ఈ తేడా తెలియక ఎందరో దరఖాస్తు దశలోనే మంచి అవకాశాన్ని వదులుకుంటున్నారు.

రాష్ట్రస్థాయిలో ఐసెట్ ఉంది. కన్వీనర్ కోటాలో సీటు పొందిన అర్హులకు ఫీజు రీయింబర్స్‌మెంట్ వర్తిస్తుంది. మేనేజ్‌మెంట్ కోటాకు వర్తించదు. అయితే ప్రభుత్వ చెల్లింపులు ఆలస్యమైనప్పుడు ఆ భారం విద్యార్థి మీద పడుతున్నది గనుక కొంత సొమ్ము చేతిలో ఉంచుకోవాలి. బీసీ-ఇ వర్గానికి రాష్ట్రంలో ఉన్న 4 శాతం రిజర్వేషన్ కేంద్ర విద్యాసంస్థలలో దానంతట అదే వర్తించదు. కేంద్ర ఓబీసీ జాబితాలో తమ వర్గం ఉన్నదో లేదో ముందే చూసుకోవాలి.

వడ్డీ మాట

20 లక్షల రూపాయల అప్పును 10 శాతం వడ్డీతో పదేళ్లలో తీర్చాలంటే నెలకు సుమారు 26,400 రూపాయలు కట్టాలి. మొత్తం 31 లక్షలు దాటుతుంది. అంటే 11 లక్షలకు పైగా వడ్డీయే. చదువుకునే రెండేళ్ల వడ్డీ దీనికి అదనం. 2024లో కేంద్రం ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి వంటి పథకాలు అర్హులకు వడ్డీని కొంత తగ్గిస్తాయి, పూర్తిగా తొలగించవు.

వడ్డీ నిషిద్ధమన్న సంగతి మనందరికీ తెలుసు. అయినా సీటు వచ్చి, ఫీజు గడువు రేపో ఎల్లుండో అన్నప్పుడు కాని ఆ ప్రశ్న మనకు గుర్తు రాదు. అప్పటికి ఆలోచించే వ్యవధి ఉండదు. దరఖాస్తుకు ముందే విశ్వసనీయులైన ధార్మిక పండితుల ముందు తమ పరిస్థితిని ఉన్నదున్నట్లు ఉంచి సలహా పొందాలి.

అలాగే విద్యాసంస్థల ఉపకారవేతనాలు, పొదుపు, బంధువులు ఇచ్చే ఖర్జె హసనా, అర్హులైతే జకాత్ సాయం, వీటన్నిటినీ ముందుగా కాగితం మీద పెట్టాలి. బంధువుల అప్పు కదా అని నోటిమాటతో సరిపెట్టరాదు. అప్పును గడువుతో సహా రాసుకోవాలని, సాక్షులను పెట్టుకోవాలని బఖరా సూరా 282వ ఆయతు ఆదేశిస్తోంది. అలా రాసుకున్న కాగితం బంధుత్వాన్నీ కాపాడుతుంది.

చివరి నిర్ణయం ఇంటిల్లిపాదీ కూర్చుని చేసే సంప్రదింపులో జరగాలి. తల్లి మాట, చెల్లెలి అవసరం కూడా అక్కడ వినిపించాలి. ఆ లెక్కలో పెద్ద పేరున్న కళాశాల తేలకపోతే అది ఓటమి కాదు. ఇంటిని కుదువ పెట్టకుండా పూర్తిచేసిన చదువు ఆ ఇంటికి ఎక్కువ కాలం నీడనిస్తుంది.