ముందు పసిబిడ్డ, చివర యజమాని

ఏటికొప్పాక : ముందు దేశం, తర్వాత తన కింది జవాన్ల బాగు, అన్నిటికన్నా చివర తన సుఖం. 1932లో డెహ్రాడూన్ సైనిక అకాడమీ ప్రారంభోత్సవంలో సర్ ఫిలిప్ చెట్‌వుడ్ కాబోయే అధికారులకు చెప్పిన వరుస ఇది.

వరాహ నది ఒడ్డున లక్క బొమ్మలు చేసే పనిశాలలకూ ఈ వరుస వర్తిస్తుంది. బొమ్మ చేతికి రాగానే పసిబిడ్డ దాన్ని నోట పెట్టుకుంటుంది. కనుక ముందు చూడవలసింది ఆ బిడ్డ క్షేమమే. రసాయన రంగులు వాడుకలోకి వచ్చిన కాలంలో సి.వి.రాజు పసుపు, నీలిమందు, జాఫ్రా గింజల వంటి వాటి రంగులను మళ్లీ నిలబెట్టారు. తోటి పనివారికీ నేర్పారు. 2023లో ఆయనకు పద్మశ్రీ లభించింది.

తర్వాతి వంతు పనివారిది. తిరిగే అంకుడు కర్రకు లక్క అదిమి, మొగలి ఆకుతో మెరుగు పెట్టేవారు రోజంతా ఆ రంగు పక్కనే కూర్చుంటారు. వారి కూలి సకాలంలో అందాలి. అంకుడు మొక్కలు నాటించాలి. కర్ర లేకుంటే రేపు పని లేదు. యజమాని లాభం ఆ తర్వాతే.

2025 జనవరి 26న ఢిల్లీలో జవాన్లు కవాతు చేసిన కర్తవ్య పథంలోనే ఏటికొప్పాక బొమ్మల శకటం సాగి, మూడవ బహుమతి పొందింది. నలుగురి చేత పని చేయించే ప్రతివారూ లెక్కల పుస్తకం తెరిచే ముందు ఈ వరుసను ఒకసారి గుర్తు చేసుకోవడం మంచిది.