మూడు జిల్లా కేంద్రాల నడుమ మామునూరు

జనగామ నుంచి మహబూబాబాద్‌కు వైమానిక దూరం సుమారు 88 కిలోమీటర్లు. మహబూబాబాద్ నుంచి భూపాలపల్లికి 93, భూపాలపల్లి నుంచి జనగామకు 107. పాత వరంగల్ జిల్లాలోని ఈ మూడు పట్టణాలూ 2016 అక్టోబరు 11న జిల్లా కేంద్రాలయ్యాయి. వీటిలో దేనికీ విమానాశ్రయం లేదు.

ఈ దూరాలను పటం చూసి ఎవరైనా లెక్కగట్టవచ్చు. ఒక డిగ్రీ అక్షాంశం దాదాపు 111 కిలోమీటర్లు. రేఖాంశాలు ధ్రువాల వైపు పోయేకొద్దీ దగ్గరవుతాయి కాబట్టి వరంగల్ ప్రాంతంలో ఒక డిగ్రీకి 106 కిలోమీటర్లే వస్తుంది. ఆ ప్రకారం భూపాలపల్లి జనగామకు ఉత్తరాన 79, తూర్పున 72 కిలోమీటర్ల దూరంలో ఉంది. ఈ రెండింటినీ భుజాలుగా తీసుకుని లంబకోణ త్రిభుజం గీస్తే కర్ణం 107 అవుతుంది. హైదరాబాద్ నుంచి న్యూయార్క్ దాకా కొలవాలంటే భూమి గుండ్రదనాన్ని పట్టించుకోవాలి గానీ, ఇంత దగ్గరి ఊళ్లకు పదో తరగతి లెక్క చాలు.

నేల మీది దారి ఇంత సూటిగా ఉండదు. జనగామలో ఎక్కి మహబూబాబాద్‌లో దిగాలంటే రైలు ముందు ఈశాన్యంగా కాజీపేటకు పోయి, అక్కడి నుంచి ఆగ్నేయానికి తిరగాలి. 88 కిలోమీటర్లు కాస్తా దాదాపు 120 అవుతాయి. భూపాలపల్లికి ప్రయాణికుల రైలే లేదు. పరకాల మీదుగా బస్సే దిక్కు.

ఇక విమాన సమయం. జెట్ వేగం గంటకు 800 కిలోమీటర్లు అనుకుని భాగిస్తే జనగామ నుంచి మహబూబాబాద్‌కు ఏడు నిమిషాలు కూడా పట్టదు. ఈ అంకెను నమ్మకూడదు. అంత తక్కువ దూరంలో విమానం పూర్తి ఎత్తుకు చేరకముందే దిగడం మొదలుపెట్టాలి. హైదరాబాద్ విమానాశ్రయం ఉన్న శంషాబాద్ నుంచి విజయవాడ విమానాశ్రయం ఉన్న గన్నవరానికి 265 కిలోమీటర్లే. గంటకు 500 కిలోమీటర్లు పోయే చిన్న విమానానికి భాగహారం ప్రకారం అరగంట పైచిలుకు చాలు. టైంటేబుల్లో మాత్రం దాదాపు గంట చూపిస్తారు. రన్‌వే దాకా నడవడం, పైకి లేవడం, దిగడానికి వరుసలో నిలవడం అన్నీ అందులో కలుస్తాయి.

ఈ ప్రాంతానికి వైమానిక దూరం నిజంగా లెక్కకొచ్చింది మామునూరు విషయంలో. వరంగల్ పక్కనే నిజాం కాలంలో కట్టిన ఈ విమానాశ్రయం 1981 దాకా పనిచేసి మూతపడింది. 2008లో శంషాబాద్ విమానాశ్రయం మొదలైంది. దాని నిర్వాహకులతో కుదిరిన ఒప్పందం ప్రకారం 25 ఏళ్ల పాటు 150 కిలోమీటర్ల వైమానిక దూరం లోపల పోటీ విమానాశ్రయం రాకూడదు. మామునూరు ఉన్నది సుమారు 145 కిలోమీటర్ల దూరంలో. రోడ్డు మీద కొలిస్తే ఆ గీత దాటే ఊరు, సరళరేఖలో కొలవడంతో లోపల పడింది. శంషాబాద్ సంస్థ అభ్యంతరం లేదని చెప్పాక, 2025లో కేంద్రం పునరుద్ధరణకు అనుమతించింది. పెద్ద విమానాలు దిగేలా రన్‌వేను పొడిగించడానికి అదనపు భూమి అవసరమైంది.

ఈ మూడు పట్టణాల నుంచి మామునూరు ఇంచుమించు సమదూరమే: జనగామకు 49, మహబూబాబాద్‌కు 55, భూపాలపల్లికి 64 కిలోమీటర్లు. జనగామ వాసికి శంషాబాద్ కూడా మరీ దూరం కాదు. భూపాలపల్లి వాసికి మాత్రం తేడా చాలా పెద్దది. ఇప్పుడు ఢిల్లీ విమానం అందుకోవాలంటే సరళరేఖలోనే 200 కిలోమీటర్ల అవతల ఉన్న శంషాబాద్‌కు నాలుగైదు గంటలు ప్రయాణించాలి. ఢిల్లీకి విమానం పట్టే సమయం అందులో సగమే.