శివారపట్టణం శిల్పుల యిళ్ళలో

కోలారు సోమేశ్వరాలయంలో కల్యాణమంటపం స్తంభాలు చూచి ముక్కున వేలు వేసుకోనివారుండరు. అటువంటి చేతులు నేటికీ మన జిల్లాలోనే, మాలూరు తాలూకా శివారపట్టణంలో ఉన్నాయి. మొన్న ఒక ఆదివారం మన కె.జి.ఎఫ్. కుటుంబాలు కొన్ని కలిసి వెళ్ళివచ్చాము.

ఊళ్ళో అడుగుపెట్టగానే ఉలి చప్పుడు. విశ్వకర్మలు ఇంటిముందు పందిళ్ళలోనే కృష్ణశిలను చెక్కుతారు. పంచలోహ విగ్రహాల సంగతి వేరు. ముందు మైనంతో బొమ్మ చేసి, మట్టి పూత పూసి, ఆరాక కాలుస్తారు. మైనం కరిగి కారిపోతే ఆ ఖాళీలో లోహం పోస్తారు. అచ్చు పగులగొట్టక తప్పదు గనుక ఒక అచ్చుకు ఒకటే విగ్రహం. మా పిల్లలు అక్కడినుంచి కదిలితేగా!

ఒకచోట ఒక కుర్రవాడు కరెంటు రంపంతో రాయి కోస్తున్నాడు. ఒళ్ళంతా దుమ్ము. ముక్కుకు గుడ్డయినా లేదు. మాతో వచ్చిన ఒక అవ్వ అక్కడే నిలిచిపోయింది. 2001లో మన గనులు మూతపడ్డాయి గాని, సిలికోసిస్ అంటే ఏమిటో మనవారికి వేరే చెప్పాలా? ఆమె పెనిమిటి పోయింది ఆ జబ్బుతోనే.

"నాయనా, తడిపి కొయ్యరాదా?" అన్నది.

"తడిపితే గీతలు చెరిగిపోతాయవ్వా," అన్నాడతను నవ్వుతూ, మన తెలుగులోనే.

మేమంతా చిన్న చిన్న వినాయకులను బేరమాడి కొన్నాము. అవ్వ ఏమీ కొనలేదు. బస్సు ఎక్కబోతూ మళ్ళీ వెనక్కు వెళ్ళి, తన తుండుగుడ్డ తడిపి అతని ముక్కుకు కట్టి వచ్చింది. ఈసారి వెళ్ళేటప్పుడు మంచి మాస్కులు పట్టుకుపోవాలట.