డాక్టరు పట్టమునకు మెట్లెన్ని?

బి.ఎస్సీ. యందు ఉత్తీర్ణులై, జీవవైద్యశాస్త్రమున పరిశోధన చేయ నుద్దేశించిన కన్యలు మన కుటుంబములలో నిప్పుడు అరుదు గారు. ఆ చదువు ఏ మెట్లమీదుగా సాగునో యెఱిగిన తలిదండ్రులు మాత్రము మిక్కిలి అరుదు. పదవతరగతి, ఇంటర్మీడియేటు, డిగ్రీ – వీని కన్నింటికిని ఏటేట పరీక్షయు ఏటేట ఫలితమును గలవు. ఇరుగుపొరుగు వారడిగినచో చెప్పుటకు ఒక మార్కుల సంఖ్య యుండును. పరిశోధన యట్లు గాదు. చేరిన నాలుగవయేట “అమ్మాయి యిప్పుడే తరగతి?” అని యెవరైన నడిగినచో తల్లి తెల్లబోవును. “ఇంకను చదువుచునే యున్నది” అను జవాబులో నొక సిగ్గు తొంగిచూచును. పెండ్లి తొందరయు, నడుమనే చదువు మాన్పించుటయు తఱచుగా ఈ సిగ్గునుండియే పుట్టుచున్నవని మా యభిప్రాయము. కావున ఈ మెట్లను గూర్చి మేము తెలిసికొన్నంత మట్టుకు సోదరీమణులకు విన్నవింప దలచితిమి.

సాధారణ మార్గమున బి.ఎస్సీ. పిమ్మట రెండేండ్లు ఎం.ఎస్సీ. చదివి, మరల ప్రవేశపరీక్ష వ్రాసి, పరిశోధనకు చోటు వెదకుకొనవలయును. ఇంటిగ్రేటెడ్ పిహెచ్.డి. యను పద్ధతిలో ఈ రెండును ఒక్క ప్రవేశముతోనే లభించును. బెంగుళూరునందలి ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్సులో జీవశాస్త్రములందు ఈ చదువు గలదు. దానికి ‘జామ్’ అను అఖిలభారత పరీక్షలోని యోగ్యతను జూచి, పిదప ముఖాముఖిగా ప్రశ్నించి చేర్చుకొందురు. నడుమ మరియొక వాకిట నిలువబడి నిరీక్షించు బాధ లేకుండుట దీని లాభము. అయితే ఒక్క వాకిటనే లోనికి బోయినవారికి నడుమ వెలికివచ్చు ద్వారము గలదా యని ముందే విచారింపవలయును. మొదటి రెండేండ్ల పాఠములు ముగించి, ఏ కారణముననో పరిశోధన సాగనిచో, చేతికి ఎం.ఎస్. లేక ఎం.ఎస్సీ. పట్టమిచ్చి పంపు ఏర్పాటు కొన్ని సంస్థలలో గలదు. దానికి ఎన్ని క్రెడిట్లు ముగియవలయునో, ఎన్నేండ్లు గడువవలయునో సంస్థకు సంస్థకు భేదముండును. చేరినపిదప కన్నీటితో నడుగుటకంటె చేరకముందు ధైర్యముగా నడుగుట మేలు. అట్లు వెలికివచ్చిన బాలికను ఓడి వచ్చినదానిగా జూచుట మాత్రము తగదు. ఆమె చేత నున్నది సంపూర్ణమైన పట్టము.

మొదటి మెట్టు పాఠములు. ఈ కాలముననే పలుచోట్ల విద్యార్థిని రెండు మూడు ప్రయోగశాలలలో కొన్ని వారములో, మాసములో పనిచేసి, తుదకు ఒక గైడును ఎన్నుకొనును. సంబంధము చూచునపుడు మనము ఏడు తరములు విచారింతుము గాని, అయిదాఱేండ్లు ఎవరి చేతిక్రింద పనిచేయవలయునో ఆ ఆచార్యుని గూర్చి ఒక్క ప్రశ్నయైన వేయము! వారి శిష్యులెందఱు పట్టము పొందిరి, ఎన్నేండ్లకు పొందిరి యని పై తరగతి విద్యార్థినుల నడిగిన తప్పులేదు.

విశ్వవిద్యాలయ నిధుల సంఘము, అనగా యు.జి.సి., 2022 నవంబరులో ప్రకటించిన నియమముల ప్రకారము డాక్టరు పట్టమునకు సంబంధించిన పాఠములు 12 క్రెడిట్లకు తగ్గరాదు. అందు నూటికి 55 మార్కులైన రావలయును. రానిచో ముందుకు సాగ వీలులేదు. పరిశోధనలో నీతిని గూర్చిన పాఠమును ఇందులోనిదే. జాతీయ ప్రాముఖ్యముగల కొన్ని సంస్థలు తమ నియమములను తామే యేర్పఱచుకొనును గనుక, సంస్థ ప్రకటించిన పుస్తకమునే ప్రమాణముగా గైకొనవలయును. పాఠములు ముగిసిన పిదప పలు సంస్థలలో సమగ్రపరీక్ష యొకటి గలదు. నలుగురైదుగురు ఆచార్యుల యెదుట నిలిచి, తాను చేయబోవు పని యేదియో, ఏల చేయవలయునో, ప్రయోగము విఫలమైనచో నేమి చేయునో చెప్పవలయును. మా కెఱుకైనంతలో పిల్లలు మిక్కిలి భయపడునది దీనికే. ఒకమారు తప్పినవారికి రెండవ యవకాశ మిచ్చుట పలుచోట్ల నాచారము.

ఇచ్చట ఛాందోగ్యోపనిషత్తు నందలి కథ యొకటి మాకు స్ఫురించుచున్నది. ఉపకోసలుడను బ్రహ్మచారి సత్యకామ జాబాలుని కడ 12 ఏండ్లు అగ్నులను సేవించెను. గురువు తక్కిన శిష్యులకు సమావర్తనము చేసి యిండ్లకు బంపెను గాని, ఇతనిని మాత్రము పంపలేదు. కారణమును జెప్పలేదు. అప్పుడు గురుపత్ని కలుగజేసికొని, ఈ బాలుడు శ్రద్ధగా అగ్నులను సేవించినాడు, ఇతనికి విద్య నుపదేశింపుడని భర్తను గోరినది. ఆయన విని యూరకుండి దేశాంతరము వెడలిపోయెను! బాలుడు వ్యాధిచే భోజనము మానగా, ఆ గురుపత్నియే తినుమని బ్రతిమాలెను. తుదకు అగ్నులే కరుణించి యుపదేశించినవి. ఉపాధ్యాయుని యింట కాపురము చేయుచున్న మాకు ఆ గురుపత్ని మీద ప్రత్యేకాభిమాన ముండుటలో వింత లేదు. శిష్యుని పక్షమున నొకరు పలుకవలయునని ఆమె యెఱుగును. కాని ఆమె మాటకు నియమబలము లేదు.

నేటి నియమములు ఆ పనిని ఒక సంఘమున కప్పగించినవి. ప్రతి విద్యార్థినికిని పరిశోధనా సలహాసంఘ మొకటి యేర్పడును. ఆరుమాసముల కొకమారు ఆమె దాని యెదుట తన పనిని వివరింపవలయును. పని తృప్తికరముగా లేనిచో సంఘము కారణములను వ్రాసి, దిద్దుకొను మార్గమును జూపవలయును. ఆ మార్గము ననుసరింపనప్పుడే, కారణములు చూపి, ప్రవేశమును రద్దుచేయుమని సిఫారసు చేయవచ్చును. గైడు ఒక్కడు కోపించి ‘రేపటినుండి రావలదు’ అన్నంత మాత్రమున చదువు ముగియదు. కావున ఆరుమాసముల కొకమారు సంఘము వ్రాసిన కాగితముల ప్రతిని పెండ్లిచీరవలె భద్రపఱచుకొమ్మని మీ యమ్మాయికి చెప్పుడు.

ఇంతకాల మేల పట్టునని యడుగువారికి ఎలుకను జూపవచ్చును. జీవవైద్యపరిశోధనలో తఱచుగా ఎలుకలపై పరీక్షింతురు. చిట్టెలుక సుమారు 20 దినములు గర్భము మోయును. పుట్టిన పిల్ల మరల తల్లి యగుటకు ఆరెనిమిది వారములు కావలయును. ఒక గుణమును రెండుమూడు తరములు నిలిపి చూడవలయునన్న సంవత్సరము కనులయెదుటనే కరగిపోవును. ఆ ఎలుకను ముట్టుటకు ముందే జంతువుల యెడ జరుగు పనిని విచారించు నీతిసంఘము అనుమతింపవలయును. రోగులనుండి నెత్తురు గైకొన్నచో మనుష్యులను గూర్చిన నీతిసంఘ మొకటి. ఆ యనుమతులకు మాసములు పట్టును. అందువలన ఫలితము ఆలస్యమగుటకు బాలిక సోమరితనమే కారణమని తలపరాదు.

కాలపరిమితి యిట్లున్నది. పై నియమముల ప్రకారము పిహెచ్.డి.కి కనిష్ఠము 3 ఏండ్లు, గరిష్ఠము 6 ఏండ్లు. పునర్నమోదు చేసికొన్నచో మరి 2 ఏండ్లు, వెరసి 8. స్త్రీలకును, నూటికి 40 పాళ్లకు మించిన అంగవైకల్యము గలవారికిని ఇంకను 2 ఏండ్ల సడలింపు నీయవచ్చును. అది 10 ఏండ్లకు మించరాదు. ఇంటిగ్రేటెడ్ చదువున ఈ లెక్క మొదటి దినమునుండియా, పరిశోధన మొదలైన నాటినుండియా యనునది తప్పక అడుగవలసిన ప్రశ్న. అయితే కాలము హెచ్చినంత మాత్రమున ధనము హెచ్చదు. జాతీయపరీక్షలో గెలిచినవారి కిచ్చు ఫెలోషిప్పు మొత్తము 5 ఏండ్లకే. 2023 నందు హెచ్చించిన ప్రకారము మొదటి రెండేండ్లు నెలకు 37,000 రూపాయలు, పిదప పనిని పరీక్షించి 42,000 రూపాయలు. ఆరవయేటినుండి ఆ బాలిక యెట్లు బ్రతుకవలయునో నియమము చెప్పదు. స్త్రీలకు పదేండ్ల గడువిచ్చి అయిదేండ్ల భృతి యిచ్చుట, వంటయింటి తాళపుచెవి యిచ్చి బియ్యపుగది తాళము దాచినట్లున్నదని మాకు తోచుచున్నది. ఆ చివరి సంవత్సరముననే పుట్టినిల్లో అత్తవారిల్లో ఆదుకొనక తప్పదు. ‘ఇన్నాళ్లు చదివించితిమి, చాలును’ అను మాట యా సంవత్సరముననే వినవచ్చుటయు మనము చూచుచున్నదే.

పూర్వము వ్రాతలో లేని మెట్లుండెడివి. 1933లో కమలా భాగవత్ అను బొంబాయి పట్టభద్రురాలు, పిమ్మట కమలా సోహొనీ యని ప్రసిద్ధి చెందిన యామె, బెంగుళూరు సంస్థలో చేర గోరగా, స్త్రీ యను కారణమున డైరెక్టరు సి.వి. రామన్ గారు నిరాకరించిరి. ఆమె పట్టు విడువలేదు. తుదకు ఒక సంవత్సరము పరీక్షార్థము పనిచేయవలయుననియు, గైడు కోరినచో రాత్రులును శ్రమింపవలయుననియు, తన యునికిచే పురుషవిద్యార్థుల మనస్సు చెదరరాదనియు షరతులు పెట్టి యనుమతించిరి. ఆ సంవత్సరము గడచినంతనే ఆమె పనికి వారు తృప్తిచెందిరి. ఆమె ఎం.ఎస్సీ. పట్టము నొంది, ఇంగ్లండునకు బోయి, 1939లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయము నుండి డాక్టరు పట్టము గైకొనెను. ఆనాటి షరతులకు పుస్తకమును లేదు, వానిపై చెప్పుకొనుటకు సంఘమును లేదు.

నేడు పుస్తకము గలదు. అందు స్త్రీల నుద్దేశించిన మాటలును గలవు. ప్రసవమునకును శిశుపోషణకును పిహెచ్.డి. కాలమంతటిలో 240 దినముల వఱకు సెలవీయవచ్చును. ఇద్దఱు బిడ్డలు గలిగినను ఆ సంఖ్య యొక్కటే గనుక, లెక్క చూచుకొని వాడుకొనవలయును. ‘ఈయవచ్చును’ అను క్రియ మాకంత రుచింపలేదు. ‘ఈయవలయును’ అని యున్న బాగుండెడిది.

మరియొక నియమము పెండ్లిచూపులనాడే చదువదగినది. వివాహముచేతగాని మరి యే కారణముచేతగాని స్త్రీ ఒక యూరినుండి మరియొక యూరికి మారవలసివచ్చినచో, తన పరిశోధన వివరములను క్రొత్త సంస్థకు మార్చుకొను హక్కు ఆమెకు గలదు. తక్కిన షరతులు నెఱవేఱవలయును. ఆ పని పాత సంస్థకుగాని గైడునకుగాని ఇతరులు ధనమిచ్చి చేయించునది కాకుండవలయును. అంతకుముందు జరిగిన పనికి పాత సంస్థను, గైడును పేర్కొనవలయును. జీవవైద్య ప్రయోగశాలలలో పెక్కుపనులు అట్టి ధనముతోనే నడచును గనుక ఈ హక్కు చాలమందికి చేతికందకపోవచ్చును. కావున హైదరాబాదులో పరిశోధన చేయుచున్న బాలికకు పూనాలో నున్న వరుని జూచునపుడు, జీతముతోపాటు ఈ సంగతియు విచారింపుడు. ఆమె పని యెవరి ధనముతో నడచుచున్నది? ఇంక నెన్ని మాసములున్నది? సిద్ధాంతగ్రంథము సమర్పించు వఱకు ఆమె యక్కడనే యుండుటకు అత్తవారు సమ్మతింతురా? సమ్మతించినచో ఆ మాట పెద్దల సమక్షమున కావలయును.

తుదిమెట్టు సిద్ధాంతగ్రంథము. అందు ఇతరుల వ్రాతతో పోలిక నూటికి పదిపాళ్లు దాటరాదు. గైడు గాక, ఆ సంస్థ ఉద్యోగులు కాని ఇద్దఱు పరీక్షకులైన దానిని చదువుదురు. ఇద్దఱిలో నొకరు నిరాకరించిన మూడవవారికి బంపుదురు. వారును నిరాకరించిననే పట్టము పోవును. పత్రికలో వ్యాసము ప్రకటించియే తీరవలయునను యు.జి.సి. నిర్బంధము 2022 నుండి తొలగినది గాని, సంస్థలు తమంతట కోరవచ్చును. గ్రంథము సమర్పించిన ఆరుమాసములలో మౌఖికపరీక్షతో సహా అంతయు ముగియవలయును. ఆ పరీక్షకు సలహాసంఘము వారును, ఆ శాఖ అధ్యాపకులును, తోడి విద్యార్థులును వచ్చి కూర్చుండి ప్రశ్నింపవచ్చును. స్నాతకోత్సవము ఆలస్యమైనను పట్టము లభించినట్లు తాత్కాలిక పత్రము నిత్తురు. ఉద్యోగమునకు దరఖాస్తు పెట్టుటకు అది చాలును.